కోడలుపిల్ల పెట్టిన ట్యాగు

ఒకే బల్లకు అటొకరు ఇటొకరు నిలబడి పనిచేసుకునే ఇద్దరు మనుషులు పోట్లాడుకోవడానికి వెబ్‌సైటు దాకా వెళ్లాలా అని ఎవరైనా అడగవచ్చు. అలా అడిగేవాళ్లకు ఆ మామాకోడళ్ల సంగతి తెలియదన్నమాట. ఆ కోట్ల దుకాణంలో వాళ్లిద్దరి మధ్య ఏనాడూ ఒక మాట తూలింది లేదు. "టీ తాగుతారా మామయ్యగారూ" అని ఆమె అడిగేది, "ఆ, ఇవ్వమ్మా" అని ఆయన అనేవారు, అంతటితో సరి. కయ్యమంతా సైట్లోనే. అక్కడ ఆయన "గౌరవనీయులైన కోడలుపిల్లగారికి" అని మొదలుపెట్టి దుమ్ము దులిపేవారు. ఆమె "పెద్దలు మాస్టారుగారికి నమస్కారం" అని మొదలుపెట్టి చురకలు అంటించేది. ఇద్దరి ఫోన్లూ ఆ బల్ల మీదే పక్కపక్కన మోగుతుండేవి.

ఆ సైటు పేరు దర్జీల కూడలి. కుట్టుపనివాళ్లు తమకొచ్చిన చిక్కులు అక్కడ అడుగుతారు, చెయ్యి తిరిగినవాళ్లు జవాబులు చెబుతారు. జేబు మూతి ఎందుకు వేలాడుతోంది, మిషను దారాన్ని ఎందుకు తెంపుతోంది, ఉతికాక లైనింగు ఎందుకు ముడుచుకుపోయింది, ఇలాంటివి. చొక్కా మెడ వెనక సైజు చీటీ కుట్టినట్టు ప్రతి ప్రశ్నకూ ఒకటో రెండో ట్యాగులు తగిలించాలి. 'కాలరు' అని తగిలిస్తే ఆ ప్రశ్న కాలర్లలో తలపండినవాళ్ల కంటపడుతుంది. తర్వాత అదే చిక్కులో పడ్డవాళ్లు వెతుక్కున్నా దొరుకుతుంది. ట్యాగు తప్పితే మాత్రం ఎంత మంచి ప్రశ్నయినా గుడ్డపీలికల గోనెలో పడ్డ గుండీ లెక్కే.

ఆ ట్యాగులన్నీ ఒక దారికి తెచ్చింది మామగారే. సైటు పెట్టిన కొత్తలో జనం ఇష్టమొచ్చినట్టు తగిలించేవాళ్లు. 'అర్జెంటు' అని ఒకడు, 'దయచేసి' అని ఇంకొకడు, 'నేను కొత్త, తిట్టకండి' అని మరొకడు. ఊరందరికీ కోటుమాస్టారైన ఆయన కళ్లజోడు తుడుచుకుని కూర్చుని వాటిని ఒక్కొక్కటే పీకేశారు. పీకేసి, అందరూ చూసేలా ఒక నియమం రాసిపెట్టారు. ట్యాగు ప్రశ్నకు తగిలించాలి, మనిషికి కాదు. ఈ ముక్కను ఆయన కోటు కొలతలకు వచ్చినవాళ్లకు కూడా చెప్పేవారు. చేతులు చాపి నిలబడ్డవాడు పారిపోలేడు కదా, పాపం వినేవాడు.

కోడలు సైట్లో చేరిన రోజున ఆయన ఒక్కటే షరతు పెట్టారు. మన చుట్టరికం అక్కడ ఎత్తకు, ఎత్తితే మన జవాబులు చూడరు, మనల్ని చూస్తారు అన్నారు. ఆమె సరేనంది. పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ తనను అందరూ పిలిచే పేరుతోనే చేరింది. నలభై దాటిన మనిషి కోడలుపిల్ల ఏమిటని అత్తగారు నవ్వింది. మాస్టారూ కోడలుపిల్లా ఒకే కప్పు కింద ఉంటారని కూడలిలో ఒక్కరికీ తెలియదు.

ఆమెది ఎడమచేతివాటం. కుట్టు నేర్చుకునే రోజుల్లో నేర్పేవాడు ఆమె కత్తెర పట్టుకున్న తీరు చూసి మొహం చిట్లించి, కటింగు నీ వల్ల కాదు, కాజాలు కుట్టుకో అన్నాడు. ఆమె మొండిది. కుడిచేతి కత్తెరనే ఎడమచేత్తో పట్టి, బొటనవేలిని బయటికి తోస్తూ, మెడ పక్కకు వంచి గీతను వెతుక్కుంటూ కోయడం నేర్చుకుంది. వేలు కాయకాసింది, మెడ పట్టేసింది, కటింగు మాత్రం వచ్చింది. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక ఆమె కోసిన మొదటి కోటును మామగారు దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. ఏ చేత్తో కోశావని అడగలేదు. "ఈ బల్లలో సగం నీది" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ కడుపు నిండినట్టు ఉంటుంది.

ఆయనకున్న జబ్బల్లా సర్దుడు. దుకాణం కట్టేసే ముందు టేపు మేకుకు, సుద్ద డబ్బాలోకి, కత్తెరలు బట్టకు కుడిపక్కకు చేరాల్సిందే. ఆమె కత్తెర కూడా అంతే. పొద్దున రాగానే ఆమె దాన్ని తీసి ఎడమవైపు పెట్టుకునేది. సాయంత్రం ఆయన మళ్లీ కుడివైపుకు చేర్చేవారు. పెళ్లయిన దగ్గరనుంచీ ఇదే తంతు, దీని గురించి ఇద్దరిలో ఎవరూ నోరు మెదిపింది లేదు.

ఇక ట్యాగు సంగతి. ఒకరోజు ఎవరో ఒక ప్రశ్న పెట్టారు. కొత్త కత్తెర, కొత్తగా సాన పట్టించింది, అయినా బట్టను కోయకుండా నములుతోంది, కత్తెరలు మార్చి మార్చి విసిగిపోయాను, తప్పు నా చేతిదేనా అని. కింద 'కత్తెర', 'సాన' అని ట్యాగులు. జవాబులు వరసకట్టాయి. మర బిగించమని ఒకరు, నూనె వేయమని ఒకరు, సానపట్టేవాణ్ణి మార్చమని ఇంకొకరు. కోడలుపిల్ల ఒక్కటే అడిగింది, ఏ చేత్తో కోస్తారు అని. ఎడమచేత్తో, ఎందుకండీ అని వచ్చింది.

ఎందుకో ఆమె విడమరిచి రాసింది. కుడిచేతివాళ్ల కోసం చేసిన కత్తెరను కుడిచేత్తో పట్టుకుంటే వేళ్ల ఒత్తిడికి రెండు బ్లేడ్లూ ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. ఎడమచేత్తో పడితే అదే ఒత్తిడికి విడిపోతాయి, ఆ సందులోకి బట్ట దూరి మడతపడుతుంది. పైగా పై బ్లేడు సుద్దగీతను కప్పేస్తుంది. తప్పు మీ చేతిది కాదు, చేతికీ కత్తెరకూ పొత్తు కుదరకపోవడమే అని ముగించింది. అవతలి మనిషి ఈ ఒక్క ముక్క ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదండీ అని రాస్తే ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది.

ఆ తర్వాత ఆమె ఊరుకోలేదు. పాత ప్రశ్నలన్నీ తిరగేయడం మొదలుపెట్టింది. మణికట్టు లాగుతోందని ఒకచోట, టేపు అంకెలు తలకిందులుగా కనబడి కొలత తప్పుతోందని మరోచోట, గీత మీద కోస్తున్నా పక్కకు పోతోందని ఇంకోచోట. ప్రతివాళ్లనూ అదే ప్రశ్న అడిగింది, చాలామంది దగ్గర అదే జవాబు. వాళ్లంతా తలో మూలా పడి ఉన్నారు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు, ప్రతివాళ్లూ తమ చెయ్యే మంచిది కాదనుకుంటున్నారు. ఆమె 'ఎడమచేతివాటం' అని కొత్త ట్యాగు పెట్టి ఆ ప్రశ్నలన్నిటికీ తగిలించింది. పుర్రచెయ్యి అని వెతికినా, లెఫ్ట్ అని వెతికినా అక్కడికే చేరేలా చేసింది. చెల్లాచెదురైన తన వాళ్లందరినీ ఒక ఇంట్లో కూర్చోబెట్టినట్టు అనిపించి, ఆ వేళంతా కాలు నేలమీద ఆనలేదు.

ఆ ట్యాగు కిందే ఎవరో ఎడమచేతివాళ్లకని విడిగా చేసే కత్తెరల గురించి రాశారు. ఆమె ఒకటి తెప్పించుకుంది. మామగారి కత్తెర చేసిన కంపెనీదే, అవే నల్లటి పిడులు. మొదటిసారి కోసినప్పుడు గీత మొదలునుంచి చివరిదాకా కళ్ల ముందు కనబడింది. మెడ వంచాల్సిన పని లేదు, వేలు తోయాల్సిన పని లేదు. కళ్లు చెమర్చితే బట్ట మీద పడకుండా తుడుచుకుంది. గుర్తు కోసం పిడికి నీలం దారం కట్టింది. మామగారికి చూపిద్దామనుకుంటూ ఉండగానే ఆయన సైట్లో ఆ ట్యాగు మీద అభ్యంతరం పెట్టారు. దాంతో ఆమెకు ఉక్రోషం వచ్చి ఊరుకుంది.

మాస్టారి అభ్యంతరం కూడా గాలిమాట కాదు. ఎడమచేయి అనేది అడిగిన మనిషి సంగతి, ప్రశ్న సంగతి కాదు అని రాశారు. ఇవాళ ఎడమచేతివాళ్లకు ట్యాగు ఇస్తే రేపు పొట్టివాళ్లు అడుగుతారు, ఎల్లుండి కళ్లజోళ్లవాళ్లు, ఆ పైన 'దయచేసి'వాళ్లు మళ్లీ తయారవుతారు, కాబట్టి తీసేద్దాం అన్నారు. మనిషిని చూసి కాదు, పనిలో వచ్చిన చిక్కును చూసే పెట్టానని ఆమె జవాబిచ్చింది. చిక్కుకు 'కత్తెర' ట్యాగు ఉండనే ఉందిగా అన్నారాయన. కూడలి ఓటింగు పెట్టింది. ఆదివారం సాయంత్రంతో గడువు. పెద్దాయన మాట కనుక ఓట్లన్నీ అటే మొగ్గుతున్నాయి. ట్యాగు పోతే ఆ ప్రశ్నలన్నీ మళ్లీ ఎక్కడివక్కడ చెదిరిపోతాయి. తన చెయ్యే మంచిది కాదనుకునే మనిషి మళ్లీ ఒంటరిగా మర బిగించుకుంటూ కూర్చోవాలి. అది తలుచుకుంటే ఆమెకు ముద్ద దిగడం లేదు.

ఇంట్లో మాత్రం ఎవరి పని వాళ్లదే. ఆమె భర్త మిషను ముందు అడకత్తెరలో పోకచెక్కలా కూర్చుని, తండ్రి వైపుగానీ భార్య వైపుగానీ చూడకుండా సూదినే చూస్తూ కుట్టేవాడు. గుండీలు కుట్టే అత్తగారికి మాత్రం మొహమాటం లేదు. "ఇద్దరూ ఆ ఫోన్లు బోర్లించి మొహాలు చూసుకుని మాట్లాడుకుంటే కోట్లు తొందరగా అవుతాయి" అంది. ఇద్దరి చేతులూ మళ్లీ ఫోన్ల మీదికే పోయాయి.

ఆదివారం పొద్దున ఆమె దుకాణంలో అడుగు పెట్టకుండానే ఒక పెద్ద హోటలుకు వెళ్లింది, అక్కడ పనిచేసేవాళ్లకు కొత్త కోట్లకు కొలతలు తీసుకోవాలి. దుప్పట్లూ తువ్వాళ్లూ మడతపెట్టి ఉన్న గదిలో వరసగా నిలబడ్డవాళ్ల భుజాలు కొలుస్తూ ఉండగా జేబులో ఫోన్ మోగింది. మాస్టారు కొత్త ప్రశ్న పెట్టారు. ఆయన ప్రశ్నలు అడిగే మనిషి కాదు, జవాబులు చెప్పే మనిషి. ఆమె టేపు మెడలో వేసుకుని చదివింది.

నిన్ననే సాన పట్టించిన కత్తెర, లైనింగును నములుతోంది. మర బిగించి చూశాను, నూనె వేసి చూశాను. గీత కూడా కంటికి సరిగా ఆనడం లేదు, చూపు మందగించిందేమో అని అనుమానంగా ఉంది. ఎవరికైనా ఇలా జరిగిందా? కింద 'కత్తెర', 'సాన' ట్యాగులు. పక్కనే ఫోటో. నలిగిపోయిన పట్టులాంటి లైనింగు, దానిమీద నల్ల పిడుల కత్తెర, పిడికి నీలం దారం.

ఆమెకు మొదట నవ్వు తన్నుకొచ్చింది. ముందురోజు సాయంత్రం ఆయన అలవాటుగా ఆమె కత్తెరను కుడిపక్కకు, తన కత్తెర పక్కకు చేర్చేసి ఉంటారు. పొద్దున తాను వెళ్లలేదు కనుక అది అక్కడే ఉండిపోయింది. సర్దేటప్పుడు ఆయన చూసేది చోటునే, వస్తువును కాదు; చేతికందింది తీసి ఉంటారు. దారాన్ని సాన దుకాణంవాళ్లు గుర్తుకు కట్టారనుకుని ఉంటారు. ఆయన సర్దుడే ఆయన కొంప ముంచింది.

నవ్వు ఆగాక ఒళ్లు వేడెక్కింది. సాయంత్రంతో గడువు ముగుస్తుంది. మాస్టారుగారూ, తమరి చేతిలో ఉన్నది ఎడమచేతి కత్తెర అని ఒక్క వాక్యం రాస్తే చాలు, కూడలి అంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది, ఓట్లన్నీ ఇటు తిరుగుతాయి. ఆ వాక్యం సగం టైపు చేసింది కూడా. అప్పుడు దీపం కింద కోటు తిప్పి చూసిన చేతులు గుర్తొచ్చాయి. చూపు మందగించిందేమో అని నలుగురిలో రాసుకున్న ఆ మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేయడానికి ఆమెకు మనసొప్పలేదు. అలాగని ఊరుకోవడానికీ మనసొప్పలేదు. తన ట్యాగు తనకు ముఖ్యం.

రాసింది చెరిపేసింది. జవాబు రాయలేదు. ఆయన ప్రశ్నకు 'ఎడమచేతివాటం' ట్యాగు తగిలించింది, అంతే. ట్యాగు మారిస్తే కారణం రాయాలని అడిగే చోట ఒక్క ముక్క రాసింది, ప్రశ్నను చూసి పెట్టాను, మనిషిని చూసి కాదు అని. ప్రశ్న పెట్టినవాళ్లకు తప్ప ఇంకెవరికీ ఆ కారణం వెంటనే కనబడదు. ఆయన కావాలంటే ఒక్క నొక్కుతో మొత్తం ప్రశ్ననే తీసేసుకోవచ్చు, జరిగింది ఎవరికీ తెలియదు. ఆమె ఫోన్ సంచిలో పడేసింది. తర్వాతి మనిషి ఛాతీ కొలిచి మరిచిపోయి మళ్లీ కొలిచింది, అతను ఇందాకే చూశారుగా అక్కా అన్నాడు.

తిరిగొచ్చేదాకా ఫోన్ తీసి చూసే ధైర్యం చాలలేదు. ఆయన ప్రశ్న తీసేసి ఉంటే తాను పైకి ఒక్క మాట అనదు, కానీ ఆ బల్ల ముందు మళ్లీ మునుపటిలా నిలబడడం తన వల్ల కాదు. ఫోన్ సంచిలోనే ఉంచుకుని దుకాణం మెట్లెక్కింది. మామగారు తలెత్తలేదు. అత్తగారు మాత్రం గుండీల డబ్బా పక్కన పెట్టి మరీ ఎదురొచ్చి, వంటింటి వైపు తీసుకెళ్లి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

పొద్దున ఆయన సానపట్టే అతనికి ఫోన్ చేసి చెడామడా తిట్టారట. కాసేపటికి ఫోన్ మోగితే చూశారట. చూసి, కత్తెరను ఎడమచేతిలోకి మార్చుకుని ఒక గుడ్డముక్క కోశారట. వంకరటింకరగా పోయినా నమలకుండా తెగిందట. కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి, ఇలా బల్లనిండా ముక్కలు చేసి, చాలాసేపు ఆ నీలం దారాన్నే చూస్తూ కూర్చున్నారట. "తర్వాత ఆ సానపట్టే అతనికి మళ్లీ ఫోన్ చేసి తప్పు నాదే నాయనా అన్నారు. పెళ్లయిన దగ్గరనుంచీ ఈయన నోట ఆ మాట వినడం నాకిదే మొదలు" అంది అత్తగారు. ఆ పైన ఒంటివేలితో ఫోన్‌లో ఏదో రాస్తూ భోజనం కూడా ఆలస్యం చేశారట.

ఆమె అక్కడే గోడకు ఆనుకుని ఫోన్ తీసింది. ప్రశ్న ఉంది. ట్యాగు ఉంది. కింద మాస్టారు తన ప్రశ్నకు తానే రాసుకున్న జవాబు ఉంది.

"అడిగినవాడు కుడిచేతివాడు. కత్తెర ఎడమచేతిది. అందుకే బట్ట నమిలింది, అందుకే గీత కనబడలేదు. మీరంతా మర బిగించమన్నారు, నేనూ ఇన్నాళ్లు అందరికీ అదే చెప్పాను. ఎడమచేతివాటం అన్న ట్యాగు లేకపోతే ఈ ప్రశ్నకు జవాబు దొరికేది కాదు, అడిగింది కుడిచేతివాడే అయినా సరే. అంటే అది మనిషికి తగిలించే ట్యాగు కాదు, ప్రశ్నకు తగిలించేదే. నేను ఒక్క పూట ఈ కత్తెరతో కోసి చూపు పోయిందని భయపడ్డాను. ఇన్నేళ్లు తమది కాని కత్తెరతో గీత తప్పకుండా కోసినవాళ్లకు నా దండం. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. ట్యాగు ఉండాలి."

కింద జనం ఒకరి వెనక ఒకరు ఓట్లు మార్చుకుంటున్నారు. గడువు దాకా కూడా ఆగక్కరలేకపోయింది. ఆమెకు అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్లు తుడుచుకుని మళ్లీ పైకి జరిపితే ఇందాక గమనించనిది ఒకటి కనబడింది. 'కత్తెర', 'సాన', 'ఎడమచేతివాటం' పక్కన ఇంకో కొత్త ట్యాగు. 'దయచేసి'నీ 'అర్జెంటు'నీ ఏరిపారేసిన మాస్టారే తన చేత్తో తగిలించింది. 'కోడలుపిల్ల మా కోడలే'.

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. గుడ్డముక్కలన్నీ ఊడ్చేసి ఉన్నాయి. ఆమె వైపు బట్టకు ఎడమపక్కన నీలం దారం కట్టిన కత్తెర ఉంది, పిడి ఆమె చేతికి అందేలా తిప్పి ఉంది. మామగారు తన కత్తెరతో లైనింగు మళ్లీ కోస్తున్నారు. గీత మీదనుంచి చూపు మరల్చకుండానే అన్నారు. "నియమం ప్రకారం ఆ చివరి ట్యాగు ఉండకూడదమ్మా. అది మనిషిదే. నువ్వే చూసి తీసేయ్."

"అలాగే చూస్తాను మామయ్యగారూ" అంది ఆమె, కత్తెర అందుకుంటూ.

ఇప్పటికీ చూస్తూనే ఉంది. 'ఎడమచేతివాటం' కింద కొత్తవాళ్లు రోజూ వచ్చి చేరుతున్నారు, వాళ్లకు ముందుగా జవాబు చెప్పేది మాస్టారే, ఏ చేత్తో కోస్తారండీ అని మొదలుపెట్టి. 'కోడలుపిల్ల మా కోడలే' కింద ఒకే ఒక్క ప్రశ్న ఉంది. కొలతలకు వచ్చి చేతులు చాపి నిలబడ్డవాళ్లకు ఆయన ఈ మధ్య నియమం గురించి చెప్పడం తగ్గించి, ఫోన్ తీసి ఆ ప్రశ్న చూపిస్తున్నారు.